వాపసు వచ్చిన బొంత

పోయిన వారం మీరు పత్రిక మూసేసేటప్పటికి నేను గడ్డపోతారం మలుపులో స్కూటీ ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా, ఒక ఆడమనిషి మీద పళ్లు నూరుతున్నాను. ఆవిడ పేరు ముత్యమ్మ. ముఖం నేనెప్పుడూ చూడలేదు. చూడని మనిషి మీద అంత కోపం ఎందుకో చెప్పాలంటే, కొత్తగా చదివేవాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. ఎక్కువ దూరం వెళ్లను, నాకంత ఓపిక లేదు.

నా పేరు జెస్సికా. మాది పటాన్‌చెరు. మా అత్తమ్మ ఎలిజబెత్ చేత్తో బొంతలు కుడుతుంది, నేను వాటిని ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మీ అమ్మదో నానమ్మదో పాత చీర ఉంటే మాకు పంపండి, దాన్నే పైపొరగా వేసి బొంత కుట్టి మీ ఇంటికి చేరుస్తాం, డబ్బులు బొంత చేతికొచ్చాకే ఇవ్వండి. ఇదీ మా ప్రకటన. చీరలు బాగానే వచ్చాయి. అత్తమ్మ కళ్లు లాగేదాకా కుట్టింది. కానీ పంపిన బొంతల్లో దాదాపు సగం ‘కస్టమర్ తీసుకోలేదు’ అన్న చీటీ అతికించుకుని మళ్లీ మా ఇంటికే వచ్చాయి. వెళ్లడానికి కొరియర్ ఖర్చు నాదే, తిరిగి రావడానికీ నాదే.

ఏం చేయాలో తోచక కంది ఊళ్లో జైపాల్ సార్ దగ్గర చేరాను. ఆన్‌లైన్ వ్యాపారంలో మెళకువలు నేర్పుతానని హైవే పక్కన ఒక గది కిరాయికి తీసుకుని, గోడ నిండా గ్రాఫులు, మ్యాపులు అంటించుకున్న మనిషి. ఆయన లెక్కలో లోకంలో ఉన్నవి రెండే, పనికొచ్చేది, వేస్టు. కస్టమర్ల ఫోన్లు ఎత్తడం టైం వేస్టు. వాయిస్ మెసేజీలు వినడం ఇంకా పెద్ద వేస్టు, నెలకింత కడితే జవాబు దానంతటదే పోయే ఏర్పాటు ఉంది, పెట్టుకోండి. తీసుకోనివాళ్లకు మళ్లీ మళ్లీ పంపడం డబ్బు వేస్టు, బ్లాక్ చేసి పారేయండి. వాపసు వచ్చిన సరుకును ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం చోటు వేస్టు, వచ్చిన కాడికి వదిలించుకోండి. అన్నీ చేశాను. ఉన్నమాట చెప్పాలి కదా, ఆయన చెప్పినదానికంటే ఎక్కువ హుషారుగానే చేశాను.

మొన్న సోమవారం వాపసు వచ్చిన ముప్పై ఒక్క బొంతలనూ మూటలు కట్టి, మా ఆయన చార్లీ చేత సంగారెడ్డిలో బాబా మియాకు అమ్మించాను. రోడ్డు పక్కన దుప్పట్లు, రజాయిలు అమ్ముకునే పెద్దాయన. ఆటో కదిలేదాకా అత్తమ్మ గుమ్మంలోనే నిలబడింది.

“పరాయోళ్ల చీరలు బిడ్డా. గట్ల అమ్ముకోవచ్చునా?” అంది.

“వద్దన్నోళ్లకు లేని బాధ మనకెందుకత్తమ్మా?” అన్నాను. ఆవిడ లోపలికి వెళ్లి సూదిలో దారం ఎక్కించుకుంది.

ఈ రోజు సాయంత్రం ఐదింటిలోపు జైపాల్ సార్‌కు పాతికవేలు కట్టాలి. కడితే నా ప్రకటనలను ‘మంచి ఏరియాల’ మీదికి మళ్లిస్తారట. చార్లీ బోనస్ డబ్బులు అవి. కట్టేముందు, నా కొంప ముంచినవాళ్లలో ఒక్కరినైనా ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలు అడగాలనిపించింది. ముత్యమ్మకు మూడుసార్లు పంపాను, మూడుసార్లూ తిరిగొచ్చింది. తనే పంపిన చీర, తన తల్లిదో ఎవరిదో, దాన్ని మూడుసార్లు వద్దన్న మనిషి ఎలా ఉంటుందో చూడాలనుకున్నాను.

అడ్రసు పట్టుకుని వెళ్తే ఫ్యాక్టరీల వెనక సందులో రేకుల గదుల వరుస తగిలింది. పన్నెండున్నర దాటింది. ప్రతి తలుపుకూ తాళం. గాలిలో ముక్కు మండే మందుల వాసన. ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంది. గుమ్మంలో కూర్చుని నలభై ఐదు దాటిన ఒకావిడ టిఫిన్ డబ్బా కడుగుతోంది.

“ముత్యమ్మ అంటె ఎవరు?”

“నేనే. మీరెవరు మేడం?”

“నేను బొంతల జెస్సికాను.”

ఆవిడ గబుక్కున లేచింది. డబ్బా మూత దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చింది. ఆవిడ దాన్ని చూడలేదు, నన్ను దాటి నా వెనకున్న స్కూటీని చూస్తోంది. ముఖమంతా నవ్వే.

“ఓయమ్మా! నువ్వేనా బిడ్డా! నువ్వే తెచ్చినవా! రా, రా, లోపలికి రా. ఎండల పడి వచ్చినవ్. జెర నీళ్లు తాగు.”

నేను నీళ్లు ముట్టలేదు. పోట్లాటకు వచ్చి నీళ్లు తాగితే గొంతు మెత్తబడిపోతుంది, ఆ సంగతి నాకు తెలుసు. బ్యాగులోంచి మూడు చీటీలు తీసి ఆవిడ ముందు పెట్టాను.

“నీళ్లు తర్వాత. ముందుగాల ఇవి సూడుండ్రి. మూడుసార్లు పంపిన. మూడుసార్లు వద్దన్నరు. మాదేమన్న ధర్మసత్రమా? పోయెటప్పుడు మావే పైసలు, వచ్చెటప్పుడు మావే పైసలు. వద్దనుకుంటె చీర ఎందుకు పంపిండ్రు? మీ అసుంటోళ్ల వల్లనే నా దుకాణం మునుగుతున్నది.”

ముత్యమ్మ చీటీని అటూ ఇటూ తిప్పింది. “నేను వద్దన్ననా?”

“అండ్ల రాసున్నది.”

“నాకు సదువు రాదు బిడ్డా. ఎవరు రాసిండ్రు?”

“కొరియరాయన.”

“ఆయన మొకమన్న నేను సూడలే. మొకం సూడనోనికి వద్దని ఎట్ల చెప్త?”

అడిగినదాంట్లో వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది. నాకు ఇంకా ఒళ్లు మండింది.

“మరి ఫోనెందుకు ఎత్తలే? చేసిన టైం గూడ ఉన్నది సూడు. పదకొండున్నర. ఇంకోపాలి పదకొండు. ఇంకోపాలి మూడు.”

“గప్పుడు నా ఫోను గేటు కాడ ఉంటది గద బిడ్డా.”

ఎంత మామూలుగా చెప్పిందో! ఇవాళ ఏం కూర అంటే బీరకాయ అన్నట్టు చెప్పింది.

“ఏ గేటు?” అన్నాను.

“కంపెనీ గేటు. మాది మందుల కంపెనీ. లోపటంత కెమికల్లు, ఫోనుతోని నిప్పు పుడితె అంటుకుంటదని లోపలికి రానియ్యరు. పొద్దుగాల గేటు కాడ అరల పెట్టి పోతం, పొద్దుమూకి ఆరింటికి తీసుకుంటం. నడుమల ఎన్నిపాలు మోగిందో ఎవలకెర్క?”

“ఇంటి కాడ ఎవరన్న తీసుకోవచ్చు కదా?”

“ఇంటి ఓనరు పైసలు గూడ కడ్తనన్నడు బిడ్డా. ఆ కొరియర్ పిలగాడేమో నంబర్ చెప్పాలె అన్నడంట. ఆ నంబరేమో నా ఫోనుకు వచ్చింది. ఫోనేమో గేటు కాడ.”

నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క మాట. అదీ అనేశాను. “మరి ఇదంత నాకు చెప్పొచ్చు కదా?”

అప్పటిదాకా మెత్తగా మాట్లాడిన మనిషి అక్కడ మారిపోయింది. చీటీలు నా ఒళ్లో పడేసింది.

“చెప్పలేదా? నేను చెప్పలేదా? ఫోన్ చేస్తె ఎత్తవైతివి. నాకు రాయనీకి రాదు, ఫోన్లనే మాట్లాడి మాట్లాడి పంపిన. పంపినప్పుడల్ల నీ కాడికెళ్లి ఏదో రాత వచ్చె. పక్కగది పిల్లతోని సదివించుకున్న. ‘మీ మాట మాకు ఎంతో విలువైనది’ అని ఉన్నదంట. ఇన్నదేమో, పంపుతదేమో అని నమ్మిన. లాస్టుకు సుట్టి రోజు పటాన్‌చెరు వచ్చిన, చీర పంపిన అడ్రసు పట్టుకొని. అది కొరియరోళ్ల దుకాణమంట. మీ ఇల్లు వాళ్లకు తెల్వదంట. ఎండల గంటసేపు నిలవడ్డ. ఆ తర్వాత ఫోన్ చేస్తె అసలు మోగనే లేదు. ఇంకెట్ల చెప్పాలె బిడ్డా నేను? ఇంకేం మిగిలిందని చెప్పాలె?”

మోగదు. బ్లాక్ చేశాను కదా. ఇంటి అడ్రసు ఎక్కడా పెట్టవద్దన్నది కూడా జైపాల్ సారే. పెడితే ఇంట్లో కూర్చుని చేసుకునే చిన్న వ్యాపారమని తెలిసిపోతుందట.

ఫోన్ తీసి ముత్యమ్మ నంబరు వెతికాను. ఏడు వాయిస్ మెసేజీలు. ఏడింటికీ వినలేదన్న గుర్తు అలాగే ఉంది. ప్రతిదాని కిందా నేను డబ్బు కట్టి పెట్టించుకున్న జవాబు, ఒకే జవాబు, ఏడుసార్లు. మొదటిదాన్ని నొక్కాను. గదిలో ముత్యమ్మ ఎదురుగా ఉండగానే ఆవిడ గొంతు ఫోన్లోంచి మాట్లాడింది.

“బిడ్డా, నేను ముత్యమ్మను, గడ్డపోతారం. కొరియరాయన పగటిపూట వచ్చి పోయిండంట. నా ఫోను గేటు కాడ ఉంటది. పొద్దుమూకి ఆరు దాటినంక పంపుమను, లేకుంటె ఐతారం పంపుమను. ఉంట బిడ్డా.”

ఇరవై సెకన్లు. ఇరవై సెకన్లు విని ఉంటే ఆ బొంత రెండు నెలల కింద ఈ గదిలో ఉండేది. రెండోది నొక్కాను.

“బిడ్డా, ఒక మాట మరిసిన. అది మా అమ్మ చీర. కొంగు మూలకు కాలిన చిల్లు ఉంటది, పొయ్యి కాడ నిప్పురవ్వ పడ్డది. దాన్ని కోసి తీసెయ్యలేదు గద. అట్లనే ఉండనియ్యుండ్రి.”

ఆ చిల్లు నాకు తెలుసు. కనకాంబరం రంగు చీర, పచ్చ అంచు. అత్తమ్మ ఆ చిల్లు మీద మాసిక వేయకుండా, అది ఇంకా చిరగకుండా చుట్టూ చిన్న చిన్న రేకులతో ఒక పువ్వు కుట్టింది. దానికి ఒక పూటంతా పట్టింది. నేను గొడవ పెట్టుకున్నాను, ఎవరడిగారు నిన్ను, ఈ పూటలో ఇంకో బొంత సగం అయ్యేది అని. అత్తమ్మ కళ్లద్దాల మీద నుంచి చూసి, “ఎవరు అడగలే. చిల్లు కనవడ్డది, కుట్టిన,” అంది. నేను ఆ పూటను కూడా వేస్టు కింద రాసుకున్నాను.

మూడోది, నాలుగోది వినే ధైర్యం లేక ఏడోది నొక్కాను. అందులో ముత్యమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “మనుమరాలు పుట్టింది బిడ్డా. జెర జల్దీ పంపు.”

ఇక నా తెలివి ఎంతటిదో వినండి. మా చార్లీ పాశమైలారంలో ఇలాంటి మందుల కంపెనీలోనే ఏడేళ్లుగా పని చేస్తున్నాడు. ఏడేళ్లుగా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను ఆయనకు ఒక్క ఫోన్ చేసిన పాపాన పోలేదు. చేసినా ఎత్తడని తెలుసు, ఎందుకు ఎత్తడో తెలుసు. మా నాన్న పోయిన రోజు కూడా సెక్యూరిటీ గదికి ఫోన్ చేసి, వాళ్ల చేత లోపలికి కబురు పంపించాను. నా మొగుడి ఫోన్ గేటు దగ్గర ఉంటుందని తెలిసిన దాన్ని, నా కస్టమర్ల ఫోన్లు కూడా అలాంటి గేట్ల దగ్గరే ఉంటాయని ఒక్కనాడూ అనుకోలేదు. జైపాల్ సార్ మ్యాపులో ఎర్రరంగు పూసిన ఊళ్లు గుర్తొచ్చాయి. గడ్డపోతారం, బొల్లారం, పాశమైలారం. ‘ఈ జనానికి కొనే ఉద్దేశం లేదు మేడం, బ్యాడ్ ఏరియా’ అన్నారాయన. నేనూ తల ఊపాను. బొంత కోసం గంటసేపు ఎండలో నిలబడ్డవాళ్లను తప్పించుకోవడానికి పాతికవేలు కట్టబోయాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపించింది.

నా మొహం చూసి ముత్యమ్మ కోపం తగ్గించుకుంది. అంత మంచి మనిషి. నాకు మళ్లీ నీళ్లు అందించింది. ఈసారి తాగాను.

“పోనీ తియ్యి బిడ్డా. అయ్యిందేదో అయ్యింది. నువ్వన్న వచ్చినవ్, గదే పదివేలు. రేపు పిల్లను తొట్టెలల ఏస్తరు. మా ఊర్ల, జహీరాబాద్ దిక్కు, మా తమ్ముని ఇంటి కాడ. మనుమరాలికి రేపటికి ఇరవై ఒక్క రోజు. లీవు ఇయ్యమంటె ఇయ్యలే, బతిమాలి ఇయ్యాల రెండు గంటల షిఫ్టుకు మార్పిచ్చుకున్న. రాత్రి డ్యూటీ దిగి, పొద్దుగాల మొదటి బస్సుకు పోత. అందుకే ఈ టైంల దొరికిన నీకు.” గోడకున్న సంచిలోంచి మడిచిన నోట్లు తీసింది. “ఇగో, నీ పైసలు. చీర పంపిన దినమే తీసి పెట్టిన, ముట్టలే.”

“గా చీరే కావాల్నా పెద్దమ్మా? ఇంకోటి మంచిది, కొత్తది, ఊకెనే కుట్టిస్త,” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ముత్యమ్మ నవ్వింది. “కొత్తది దుకాణంల దొరకదా బిడ్డా? నా బిడ్డ చిన్నప్పుడు నేను పనికి పోతె, మా అమ్మనే గా చీరల కట్టుకొని చేన్లకు తీస్కపోయేది. గా పిల్లకే ఇప్పుడు పిల్ల పుట్టింది. మా అమ్మ సూడకుండ పోయింది. కనీసం ఆమె చీర మీదన్న పండుకోవెడదామని.” నోట్లు లెక్కపెడుతూ ఆగింది. “ఇంకో మాట చెప్పాల్నా? మా కంపెనీల మిషన్లు తుడిసెటందుకు పాత బట్టలు వస్తయ్, బస్తాలకు బస్తాలు. అండ్ల మంచి మంచి చీరలుంటయ్. ఏ తల్లి కట్టిందో అనుకుంట తుడుస్త. మా అమ్మది గట్ల పీలికలు కావద్దనే నీకు పంపిన.”

ఆ తర్వాత అడిగింది. “బొంత బండిల ఉన్నదా?”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. సాయంత్రానికి తెస్తానని చెప్పి బయటపడొచ్చు. బాబా మియా దగ్గరికి పరుగెత్తొచ్చు. దొరికితే దొరికింది, దొరక్కపోతే ఫోన్ ఎత్తకుండా ఉండటం నాకు కొత్త కాదు. ఇన్నాళ్లూ చేసిందదే కదా. కానీ ఆవిడ నోట్లు నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. నావల్ల కాలేదు.

“అమ్మేసిన పెద్దమ్మా.”

“ఏంది?”

“మీరు వద్దన్నరనుకొని అమ్మేసిన. మొన్న. అన్నిటితోని కలిపి. సంగారెడ్డిల ఒకాయనకు.”

తిడుతుందనుకున్నాను, కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ముత్యమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కింద కూర్చుంది. నా వంక చూడకుండా అంది.

“మా అమ్మ చీరను అమ్మనీకి నువ్వెవరు?”

నేను ఏడ్చాను. ఏడవడానికి నాకేం హక్కుందో తెలియదు గానీ ఏడ్చాను. అప్పుడే నా ఫోన్ మోగింది, జైపాల్ సార్. కట్ చేశాను. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసి, బాబా మియాకు కలిపాను, స్పీకర్ పెట్టాను. ఇకనుంచి ఈవిడ వినకూడని మాట ఏదీ నేను మాట్లాడదలుచుకోలేదు.

“బోలో బేటీ!” అన్నాడు పెద్దాయన హుషారుగా. “నీ మాల్ పోయింది. పరేషాన్ గాకు.”

“పోయిందా? ఎక్కడికి పోయింది బాబా? అండ్ల ఒకటి నాకు వాపసు కావాలె. కనకాంబరం రంగు, పచ్చ అంచు.”

“అరె, ముందుగాల చెప్పొద్దా! ఈ ఎండలకు రోడ్డు మీద బొంత ఎవడు కొంటడు? రెండు దినాలు పెట్టి సూసిన, ఒక్కటి పోలే. బాలరాజ్ అని ఉన్నడు, కంపెనీలకు తుడిసే బట్ట సప్లై చేస్తడు. కిలో లెక్కన మొత్తం తీసుకుండు. అస్సల్ కాటన్, మడతల మీద మడతలు, ఆయిల్ మంచిగ పీలుస్తది అని మస్తు ఖుష్ అయిండు.”

ముత్యమ్మ తల ఎత్తింది.

“ఏ కంపెనీకి బాబా? జల్దీ చెప్పుండ్రి.”

“పొద్దుగాల్నే బండి ఎత్తిండు. గడ్డపోతారంల నీలం గేటు కంపెనీ ఉన్నది గదా, ఆడ దించుతున్న అన్నడు. ఏమైంది బేటీ? ఏడుస్తున్నవా? నాకొక మాట చెప్పి ఉంటె అలగ్ పెట్టేటోన్ని గదా. ఆగు, బాలరాజ్ నంబర్ పంపుత. నేను గూడ చేస్త.”

“నీలం గేటు,” అంది ముత్యమ్మ. “అది మాదే.”

నంబరు వచ్చింది. చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. అవతల ఫోన్ మోగుతున్నంతసేపూ నేను ఆ చిన్న గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూనే ఉన్నాను. మూడోసారి ఎవరో ఎత్తారు.

“బాలరాజ్ అన్నా! ఆ బొంతలు కొయ్యకుండ్రి, మీకు దండం పెడ్త...”

“బాలరాజ్ లేడమ్మా. సెక్యూరిటీ మాట్లాడుతున్న. ఊకె మోగుతున్నదని ఎత్తిన. ఫోను గేటు కాడ పెట్టి లోపలికి పోయిండు.”

“జెర పిలుస్తరా అన్నా?”

“నేను గేటు ఇడిసి పోవద్దమ్మా. ఆయన వచ్చినంక చెప్త,” అని పెట్టేశాడు.

ముత్యమ్మ అప్పటికే చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. మెడలో కంపెనీ కార్డు వేసుకుంది. టిఫిన్ డబ్బా అక్కడే వదిలేసింది.

“స్టోర్ల కోస్తరు,” అంది తలుపుకు తాళం పెడుతూ. “తిండి తినొచ్చినంక కూసుంటరు, కత్తులతోని కోసి సంచులల్ల నింపుతరు, రెండు గంటల షిఫ్టోళ్లకు పంచుతరు. టైం ఎంతయింది?”

“ఒంటిగంట ఇరవై.”

“బండి తియ్యి.”

దారంతా నా భుజం మీద ఆవిడ చెయ్యి ఉంది, పట్టుకున్న పట్టుకు భుజం నొప్పెట్టింది. ట్యాంకర్లు వరుసగా నిలిచి దారి మూసేశాయి. నేను హారన్ కొడుతూ, తిడుతూ, మట్టిలోకి దించి పోనిచ్చాను. నీలం గేటు ముందుకొచ్చేసరికి ఒంటిగంటా నలభై దాటింది.

సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “షిఫ్టుకు ఇంక టైం ఉన్నది ముత్యమ్మా. పది నిమిషాలు ఆగు.”

“లోపట నా సామాను ఉన్నది సార్, స్టోర్ల.”

“నీ సామాను స్టోర్ల ఎందుకుంటది?”

“మా అమ్మ చీర ఉన్నది.”

ఆయన ఆవిడ మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, పక్కనున్న చిన్న తలుపు గడియ తీశాడు. “ఫోను పెట్టి పో,” అన్నాడు.

గేటు పక్కన చెక్క అరలు. అరకొక అంకె, అరకొక ఫోను. నేను చూస్తుండగానే మూడు నాలుగు వెలిగి, మోగి, ఆరిపోయాయి. ఎవరూ అటు తిరిగి చూడలేదు. ముత్యమ్మ తన అర దాకా వెళ్లి, ఫోన్ పెట్టబోయి ఆగింది. గిరుక్కున వెనక్కి తిరిగి నా దగ్గరికొచ్చి, ఆ ఫోను నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

“ఇన్ని దినాలు గీడ మోగి మోగి ఆగింది,” అంది. “ఇయ్యాల నీ చేతిల పెడ్తున్న. మోగితె ఎత్తు బిడ్డా.”

“పెద్దమ్మా, నన్ను మాఫ్ చెయ్యి.”

“ముందుగాల చీర దొరకనీ. రెండు గంటలకు సైరన్ కొడితె లోపలి గేటు మూస్తరు, ఇగ రాత్రి దాక ఎవరు బయటికి రారు. గంతలోపట తెచ్చి నీకిస్త. నువ్వు ఈడికెళ్లి కదలకు.”

పరుగెత్తింది. ఆ వయసులో ఆ ఎండలో, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తింది. నీలం షెడ్డు మలుపు తిరిగాక కనిపించలేదు.

నేను గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఒక చేతిలో నా ఫోను, ఒక చేతిలో ఆవిడది. నాదాంట్లో జైపాల్ సార్ డబ్బు కట్టే లింకు పంపి, కింద ‘టైం వేస్ట్ చేయకండి మేడం’ అని రాశాడు. స్విచ్ ఆపేసి బ్యాగులో పడేశాను. ఒంటిగంటా యాభై. లోపలి నుంచి ఎవరూ రాలేదు. యాభై నాలుగు. బాలరాజ్ కాదు కదా, కుక్క కూడా బయటికి రాలేదు. షిఫ్టువాళ్లు ఒక్కొక్కరుగా నన్ను తోసుకుంటూ వెళ్లి, ఫోన్లు అరల్లో పెట్టి లోపలికి పోయారు. యాభై ఎనిమిది. సెక్యూరిటీ ఆయన గడియారం చూసుకుని లోపలి గేటు దగ్గరికి నడిచాడు.

అప్పుడు ముత్యమ్మ ఫోను నా చేతిలో మోగింది.

పేరు లేదు. ఆవిడకు చదువు రాదు కదా, పేరు బదులు ఫోటో ఉంది. చంకలో ఎర్రటి పసిగుడ్డును పట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి. ఎత్తకుండా ఉండటం ఎంత తేలికో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఎత్తాను.

“అమ్మా! మామ తొట్టెల కట్టేసిండు,” అంది గొంతు గబగబా, వెనక పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. “ఆ బొంతలామె మన బొంత పంపిందా?”

నేను నోరు తెరిచేలోపు సైరన్ మోగింది.